వెనక అద్దం

జూన్, ఆదివారం

మనవడి పెట్టె హాస్టల్లో దించి వచ్చాను. ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళు ఇళ్ళకు వెళ్ళకూడదు, లోపలే ఉండి చదవాలి. ఈ బడి పద్ధతి అది. మా ఇల్లు బడి గోడను ఆనుకునే ఉంది. అయినా అంతే. మా అమ్మాయి గేటు దగ్గర కళ్ళు తుడుచుకుంది. గోడకు అటువైపు వెళ్ళినవాడి కోసం ఏడుపేమిటే అన్నాను. "నీది రాయి గుండె నాన్నా" అంది. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. రోజూ చావులు చూస్తుంది. కొడుకు గోడ దాటితే ఏడుస్తుంది.

వాడు వెళ్తూ వెళ్తూ ఈ డైరీ నా చేతిలో పెట్టాడు. "రోజూ నాలుగు ముక్కలు రాయి తాతా. లేకపోతే నేను నేర్పిందంతా మర్చిపోతావు" అన్నాడు. నాకు అక్షరాలు నేర్పింది వాడే. ఒకటో తరగతిలో వాడు నేర్చుకున్నది సాయంత్రం నాచేత దిద్దించేవాడు. తప్పు రాస్తే తొడ మీద గిల్లేవాడు. ఇప్పుడు గిల్లేవాడు లేడు. ఎలా రాసినా అడిగేవాడు లేడు.

జూన్, సోమవారం

రాయడానికి ఏమీ లేదు. జుట్టు కత్తిరించాను. రేపూ అదే.

జూన్, శుక్రవారం

వాణ్ణి బడి మొత్తానికి లీడర్ని చేశారు. బడి నడిపే పెద్ద ఫాదర్ స్వయంగా చొక్కాకు లీడర్ బిళ్ళ తగిలించారు. నేను కిటికీ బయట నిలబడి చూశాను. బడి మంగలి మనవడు. అందరూ చూడాల్సిందే. చూశారు.

జూన్, శనివారం

శనివారం పొద్దున ఫాదర్ వంతు. అప్పుడు ఇంకెవరూ రారు. బట్టలుతికే గది పక్కన నా గది. ఒక ఇనుప కుర్చీ, గోడకు పెద్ద అద్దం, వంతు కోసం కూర్చునేవాళ్ళకు ఒక బల్ల. ఫాదర్‌కు నెత్తి మీద జుట్టు తక్కువ, చెవుల్లో ఎక్కువ. అయినా ప్రతి వారం వస్తారు. మెడకు గుడ్డ చుట్టగానే కళ్ళు మూసుకుని "ఏం సంగతులు పెద్దాయనా?" అంటారు. ఈ బడిలో నన్ను సంగతులు అడిగేది ఆయన ఒక్కరే. మాస్టర్లయితే "త్వరగా కానివ్వు" అంటారు.

పని అయ్యాక చేతి అద్దం తెచ్చి తల వెనక పట్టుకుంటాను. మనిషి తన వెనక భాగం తాను చూసుకోలేడు. నేను చూపిస్తాను. చూసి "బాగుంది" అన్నాకే గుడ్డ విప్పుతాను. అది నా పద్ధతి. ఫాదర్ అయినా సరే. నా మనవడు మాత్రం ఎప్పుడూ ఆ అద్దంలోకి చూడడు. "నువ్వు కత్తిరించాక ఇక చూసేదేముంది తాతా" అంటాడు.

జూలై, శనివారం

కుర్రాళ్ళు బల్ల మీద కూర్చుని నేను లేనట్టే మాట్లాడుకుంటారు. నేను కుర్చీలో భాగం అనుకుంటారు కాబోలు. ఫాదర్ సంగతులు అడిగితే, ఆఖరి తరగతివాళ్ళు కొందరు సిగరెట్లు కాలుస్తున్నట్టున్నారు అన్నాను. ఎవరు అన్నారు ఆయన. నేను పేర్లు చెప్పే మనిషిని కాదు. ఒకడు పొడుగ్గా ఉంటాడు అన్నాను, అంతే. పొడుగ్గా ఉండేవాళ్ళు ఎంతమంది లేరు.

జూలై, మంగళవారం

పొడుగు అని పిలిచే కుర్రాణ్ణి ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. సిగరెట్లు తాగేవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరక్కపోతాడా.

ఆగస్టు, శనివారం

బడిలోని చర్చి గంట కొట్టేది మా వాడి జతగాడు. అందరూ వాణ్ణి గంట అనే పిలుస్తారు. అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. గంట గోపురం తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది. మా వాడూ వాడూ పుస్తకాలు పట్టుకుని గోపురం ఎక్కి చదువుకుంటారు. మా వాడు లెక్కల్లో గట్టి, వాడు మిగతా వాటిలో. ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి తల అని నవ్వుతాను.

ఈ వారం బల్ల మీద కుర్రాళ్ళు ఒక ఫోను గురించి గుసగుసలాడారు. హాస్టల్లో ఫోను ఉండకూడదు. వీళ్ళందరికీ కలిపి ఒకటి ఉందట, చేతులు మారుతుందట. ఫాదర్‌తో మాటల్లో మాటగా అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు. మూసిన కళ్ళు తెరవడం అదే మొదటిసారి.

"ఎక్కడ దాస్తున్నారు?" అన్నారు.

అది కుర్రాళ్ళు అనలేదు. అలాగని ఇన్నేళ్ళు ఈ కుర్చీ వెనక నిలబడినవాణ్ణి, తెలియదని ఎలా అంటాను. గంట గోపురంలో అన్నాను. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నేనే అయితే అక్కడే దాస్తాను.

ఊరికే మాట్లాడాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. వెళ్తూ నా భుజం తట్టారు.

ఆగస్టు, బుధవారం

గోపురం వెతికారు. ఏమీ దొరకలేదు. ముందే తీసేసి ఉంటాడని గంటను నిలదీశారు. తాళంచెవి వాడి దగ్గరే కదా. "గోపురంలో ఫోను ఎప్పుడూ లేదు ఫాదర్" అని ఒకటే మాట అన్నాడట. ఎవరిదో చెప్పేదాకా మొహం చూపించవద్దని ఇంటికి పంపేశారు. పెట్టె మోసుకుంటూ నా గది ముందు నుంచే వెళ్ళాడు. వెళ్ళొస్తా తాతా అన్నాడు. మెడ మీద జుట్టు పెరిగింది. వచ్చే వారం వాడి వంతు.

అబద్ధాలాడే మొహం కాదు వాడిది. కానీ మొహాలు చూసి చెప్పలేం.

సెప్టెంబర్, సోమవారం

ఆఖరి తరగతి వంతు. మా వాడు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా ఒక్కసారి లేచి గోడవారకు వెళ్ళి నిలబడ్డారు. బల్ల మీద వాడొక్కడే. ఏమిట్రా ఇది అన్నాను. కుర్చీలో కూర్చున్నాక వాణ్ణి అడిగాను.

"ఏం లేదు తాతా. కత్తిరించు."

"ఏం లేకపోతే వాళ్ళు అలా నిలబడతారేం?"

"నిలబడటం ఒంటికి మంచిదట."

నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. మెడ దగ్గర వాడి ఒళ్ళు బిగుసుకుని ఉంది. కత్తెర చల్లగా తగిలినా అలా ఉండేది కాదు ఎప్పుడూ.

సెప్టెంబర్, గురువారం

మా అమ్మాయి ఆదివారం వాణ్ణి చూసి వచ్చింది. చిక్కిపోయాడట. భోజనాల గదిలో వాడు కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారట. గంట గురించి ఫాదర్‌కు చెప్పింది వాడేనని తరగతి మొత్తం అనుకుంటోందట. ఎవడో వెధవ చాడీలు చెప్పి నా మనవడి మీదికి తోశాడు. వాడెవడో నేను పట్టుకుంటాను. నా కుర్చీలో కూర్చోకుండా ఎక్కడికి పోతాడు.

సెప్టెంబర్, శనివారం

ఫాదర్‌ను సూటిగా అడిగాను. "ఫాదర్‌గారూ, గోపురం సంగతి మీకు చెప్పింది ఎవరు?"

ఆయన పగలబడి నవ్వారు. "భలేవారే పెద్దాయనా!" అన్నారు.

నేనూ నవ్వాను.

సెప్టెంబర్, ఆదివారం

ఆయన అంత నవ్వాల్సింది ఏముంది అందులో.

సెప్టెంబర్, మంగళవారం

మా అమ్మాయి అన్నం వడ్డిస్తూ అడిగింది. "నాన్నా, నువ్వుగానీ ఫాదర్ దగ్గర ఏమైనా నోరు జారావా?"

కంచం వెనక్కి నెట్టాను. నన్ను అడుగుతుందా ఆ మాట. నేను చాడీలు చెప్పే మనిషినా. చాడీ అంటే ఒకణ్ణి చెడగొట్టాలని చెప్పేది. నేను ఎవరినీ చెడగొట్టాలనుకోలేదు. పని చేస్తూ మాట్లాడతాను. మంగలి మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు.

రాత్రీ తినలేదు. ఆకలి కాలేదు.

అక్టోబర్, సోమవారం

పొడుగు కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం వస్తోంది వాడికి. నురగ పట్టించి కత్తి పట్టుకుని అడిగాను, నా మనవణ్ణి ఎందుకు వెలేశారు అని.

"గోడ కట్టాం తాతా. మా తరగతి పద్ధతి. చెప్పినవాడు అందరి ముందూ లేచి నిలబడి నేనే అనాలి. అనేదాకా గోడ. అన్నాడా, అయిపోయింది."

"వాడు చెప్పలేదురా. నా మనవడు. నాకు తెలుసు."

"అయితే గోపురం మాట ఫాదర్‌కి ఎక్కడిది? చెబుతా విను. ఫోను గోపురంలో లేదు. ఎప్పుడూ లేదు. పక్క గదిలో, ఉతికిన దుప్పట్ల కింద ఉండేది. మాలో ఎవడు చెప్పినా దుప్పట్లనే చెప్పేవాడు. గోపురం అన్నవాడు కావాలని పుట్టించాడు. గంటగాడు కాకుండా గోపురం ఎక్కేవాడు ఒక్కడే. నీ మనవడు. లెక్కల్లో కూడా గంటగాడు దాటిపోతున్నాడని కుళ్ళు."

కత్తి దింపాను.

"ఏంటి తాతా, సగం నురగతో వదిలేశావు?"

గోపురం.

అక్టోబర్, బుధవారం

గోపురం అని ఇంకెవరైనా కూడా అని ఉండవచ్చు.

అక్టోబర్, గురువారం

ఇంకెవరూ అనలేదు.

అక్టోబర్, శనివారం

ఫాదర్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోగానే చెప్పాను. "గోపురంలో ఏమీ లేదు ఫాదర్‌గారూ. నాకు తెలియక అన్నాను. నోటికి వచ్చింది అనేశాను. ఆ కుర్రాణ్ణి పిలిపించండి."

ఆయన కళ్ళు తెరవలేదు. "మీ మనసు మెత్తన పెద్దాయనా. కుర్రాడి మీద జాలి పడుతున్నారు."

"జాలి కాదు. నేను పుట్టించాను."

"ఒకసారి పంపేశాక ఊరికే పిలిపిస్తే నా మాటకు విలువ ఉంటుందా? నిజం చెప్పమనండి, ఆ క్షణమే రానిస్తాను."

వాడి దగ్గర చెప్పడానికి నిజం ఏముంది? అదంతా నా దగ్గరే ఉంది. నేను చెబితే ఈయన కళ్ళు తెరవడు. చెవి మీద వెంట్రుకలు కత్తిరిస్తున్నాను. గాటు పడింది. ఇన్నేళ్ళలో ఎవరికీ గాటు పెట్టలేదు. దూది పెట్టి అద్దం చూపించాను. "బాగుంది" అన్నారు.

నవంబర్, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక మనవడు మెట్ల దగ్గర కలిశాడు. చొక్కా కాలరు మెడకు వదులైంది. గంటగాడి హాజరు సగానికి పడిపోయిందట. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే పరీక్షకు కూర్చోనివ్వరట.

"గంటగాడు రాయకపోతే నేనూ రాయను" అన్నాడు.

"పిచ్చివాగుడు వాగకు."

"డైరీ రాస్తున్నావా తాతా?" అన్నాడు.

"రాస్తున్నాను."

"అన్నీ రాస్తున్నావా?"

వాడు నా మొహంలోకి చూడలేదు. చెప్పుతో రాయిని అటూ ఇటూ దొర్లిస్తూ, "నువ్వు చెప్పావని తెలిస్తే ఒక్కడైనా నీ కుర్చీలో కూర్చోడు. ఆ కుర్చీ లేకపోతే నువ్వేం చేస్తావు తాతా?" అన్నాడు.

మొదటి నుంచీ తెలుసు వాడికి. శనివారం పొద్దున ఫాదర్‌తో కబుర్లాడేది ఎవరో వాడికి తెలియదా. బల్ల మీద ఒక్కడే కూర్చున్న రోజు కూడా తెలుసు. తెలిసే మెడ వంచి నా కత్తెర కింద కూర్చున్నాడు.

నవంబర్, సోమవారం

భోజనాల గదికి వెళ్ళాను. తలుపు దాకా వెళ్ళాను. లోపల కంచాల చప్పుడు. ఏం కావాలి తాతా అని వంటవాడు అడిగాడు. ఉప్పు అన్నాను. పొట్లం కట్టి ఇచ్చాడు. తెచ్చుకున్నాను.

నవంబర్, మంగళవారం

రేపు వెళ్తాను.

నవంబర్, బుధవారం

జ్వరం లాగా ఉంది. వెళ్ళలేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకు చూసి "జ్వరం లేదు నాన్నా" అంది. నర్సులకు అన్నీ తెలుసనుకుంటారు.

డిసెంబర్, శుక్రవారం

నేను వెళ్ళేలోపు వాడు లేచి నిలబడ్డాడు.

భోజనాల గదిలో, అందరి ముందూ, నేనే అన్నాడట. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడట. పొడుగు వచ్చి చెప్పాడు. సంతోషంగా చెప్పాడు. "పోనీలే తాతా, ఒప్పుకున్నాడుగా. గోడ తీసేశాం. నువ్వు బాధపడకు. నీ తప్పేముంది?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. కుర్రాళ్ళంతా బల్ల మీద కూర్చుని నన్ను పలకరిస్తూనే ఉన్నారు. పాపం తాత అని. నేను వాళ్ళ తలలు కత్తిరించాను. ఒకడైతే నా కోసం టీ తెచ్చాడు. తాగాను. ఆ టీ ఎలా దిగిందో నాకే తెలుసు.

గోడ పోయింది. గంట మాత్రం రాలేదు. వాళ్ళు మాట్లాడుతున్నారన్న మాటే గానీ, మా వాడి పక్కన ఎవరూ చదువుకోవడం లేదు.

డిసెంబర్, శనివారం

ఫాదర్ తనంతట తానే ఎత్తారు. "మీ మనవడు గొప్పవాడు పెద్దాయనా. మీ గౌరవం నిలబెట్టాడు. ఇక ఆ సంగతి వదిలేద్దాం."

ఆయనకు చెప్పింది ఎవరో ఆయనకు తెలుసు. తెలిసీ నా మనవడి చొక్కా మీద బిళ్ళ లేకపోవడం రోజూ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఇందులో ఆయనకూ నాకూ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా తేలలేదు.

జనవరి, ఆదివారం

పరీక్ష రాయనని వాడు వాళ్ళమ్మతో కూడా అన్నాడు. ఆమె నా కంచం పెట్టి అవతలికి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

రేపు ఆఖరి తరగతికి ఫొటో. ప్రతి ఏడూ ఆ ఫొటోను హాల్లో గోడకు తగిలిస్తారు. పొద్దున అందరి తలలూ నేనే సర్దాలి. ఫాదర్ కూడా ఫొటోలో కూర్చుంటారు కాబట్టి అందరితో పాటే వస్తారు.

అందరూ ఉంటారు.

జనవరి, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బల్ల నిండా కుర్రాళ్ళు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఫాదర్. మనవడి వంతు వచ్చింది. కావాలనే ఒక పక్క పూర్తిగా కత్తిరించి ఆపాను. కుడి పక్క నున్నగా, ఎడమ పక్క చెవి మీదికి జుట్టు. గుడ్డ మెడకు గట్టిగా ముడేశాను. సగం తలతో లేచి వెళ్ళలేడు, నా నోరు మూయలేడు అనుకున్నాను.

చేతి అద్దం తెచ్చి తల వెనక పట్టుకున్నాను. అందులో బల్ల మీది మొహాలన్నీ కనిపించాయి.

"నేనే" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. పొడుగు "ఏంటి తాతా?" అన్నాడు.

"గోపురం అన్నది నేను. దుప్పట్ల సంగతి నాకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అయి గోపురం అన్నాను. నీ సిగరెట్ల సంగతీ నేనే. వీడు చెప్పలేదు. గంట దాచలేదు. ఎవరికి చెప్పానో ఆయన గుమ్మం దగ్గరే కూర్చున్నారు. అడగండి."

"తాతా, ఊరుకో" అన్నాడు మనవడు. గుడ్డ కింద వాడి చేతులు కదిలాయి.

"నువ్వే ఊరుకో. తల కదిపితే తెగుతుంది."

అందరూ ఫాదర్ వైపు తిరిగారు. ఆయన నా వైపు చూస్తూ "పెద్దాయనా, పని కానివ్వండి" అన్నారు. కాదనలేదు.

పొడుగు లేచాడు. నిలబడితే వాడి తల గది కప్పును తాకేలా ఉంటుంది. "ఫాదర్, మరి గంటగాడు ఎందుకు వెళ్ళినట్టు?" అన్నాడు.

ఫాదర్ గుమ్మం బయటికి చూశారు. పొడుగు బయటికి నడిచాడు. వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. బల్ల ఖాళీ అయింది. నా మనవడు గుడ్డ ముడి తానే విప్పుకున్నాడు. లేవడనుకున్నాను. లేచాడు. సగం తలతో, మెడ నిండా వెంట్రుకలతో వాళ్ళ వెనకే వెళ్ళాడు.

ఆటస్థలంలో ఫొటో కోసం వేసిన బల్లల మీద కూర్చున్నారు. మధ్యలో ఒక చోటు వదిలేశారు. ఫొటో మనిషి సర్దుకుని కూర్చోండి అని ఎన్నిసార్లు అరిచినా ఎవరూ జరగలేదు. ఆ చోటు నిండేదాకా ఫొటో లేదన్నారు. ఫాదర్ నా గదిలోంచి అదంతా చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఆఫీసులోకి వెళ్ళి గంట వాళ్ళింటికి ఫోను చేశారు.

జనవరి, మంగళవారం

గంట వచ్చాడు. పెట్టె కింద పెట్టకముందే వాణ్ణి లాక్కెళ్ళి మధ్యలో కూర్చోబెట్టారు. ఫొటో తీశారు. ఎవరూ తల దువ్వుకోలేదు. నా మనవడు సగం తలతోనే ఉన్నాడు. ఆ ఫొటో హాల్లో తగిలిస్తారు. నా పని కలకాలం అందరూ చూస్తారు, సగం వరకు.

హాజరు తక్కువైనా పరీక్ష రాయనిస్తామని ఫాదర్ చెప్పారట. గంట రాస్తాడు. కాబట్టి వీడూ రాస్తాడు.

జనవరి, శనివారం

ఫాదర్ రాలేదు. ఈ కుర్చీ నాకు ఉంచాలో వద్దో పరీక్షల తర్వాత చూద్దామని కబురు పంపారు.

ఫిబ్రవరి, సోమవారం

కుర్రాళ్ళు వస్తున్నారు. గోడ కట్టలేదు. తనంతట తాను నేనే అని ఒప్పుకున్నవాడికి గోడ ఉండదట, పొడుగు చెప్పాడు. వస్తారు, కూర్చుంటారు, నోరు విప్పరు. కత్తెర చప్పుడు ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఫిబ్రవరి, ఆదివారం

మనవడు వచ్చాడు. కుడి పక్క కూడా పెరగడం మొదలైంది. బల్ల మీద కూర్చోకుండా నేరుగా కుర్చీలో కూర్చున్నాడు.

"మాట్లాడకుండా కత్తిరించగలవా తాతా?"

"గలను."

కత్తిరించాను. ఎడమ పక్క, తర్వాత కుడి పక్క, తర్వాత మెడ. ఒక్క మాట అనలేదు. అయ్యాక అద్దం తల వెనక పట్టుకున్నాను. వాడు చూడడని తెలుసు. అలవాటు కొద్దీ పట్టుకున్నాను. వాడు తల ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. మెడనే చూశాడో, అద్దం పట్టుకున్న చేతిని చూశాడో.

"బాగుంది" అన్నాడు.

గుడ్డ విప్పాను. లేవబోయాడు. కూర్చో, చెవి వెనక ఇంకా మిగిలిపోయింది అన్నాను. కూర్చున్నాడు. నిజానికి ఏమీ మిగల్లేదు.